ఆదివారాల హెరాల్డ్

పోయిన వారం రమాసుందరిని ఆటోనగర్ షెడ్డులో, విప్పి పరిచిన ఇంజను ముందు వదిలి వచ్చాం. పిస్టన్లు కొత్తవని తేలింది. సిలిండర్ల లోపల అరుగుడు పోయేలా తొలిచి రీబోరింగు చేసినప్పటి సన్నటి గీతలు ఇంకా చెరిగిపోలేదు. మెకానిక్ యేసుబాబు బొటనవేలితో లోపలంతా తడిమి చూశాడు. "ఇది ఎప్పుడో బాగుచేసేసిన ఇంజనండీ మేడం. దీనికి మళ్ళీ చెయ్యాల్సిన పనేం లేదు" అన్నాడు.

ఆ మాట ఎక్కడికి దారి తీస్తుందో ఆమెకి వెంటనే తోచలేదు. తోచాక, అక్కడున్న ఇనప స్టూలు మీద కూర్చుండిపోయింది.

ఎందుకంటే ఆ చిన్న స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఏనాడూ కదల్లేదనే ఆమె నమ్మింది. భర్త జయదేవ్ ఇన్సూరెన్స్ సర్వేయరు. యాక్సిడెంటయిన లారీలనీ, కార్లనీ చూసి నష్టం ఎంతో రాసే ఉద్యోగం. ఆ పని మీద తిరుగుతూ ఎక్కడో ఈ పాత కారుని చూసి మనసు పడి తెచ్చుకున్నాడు. అప్పట్నించీ ఆదివారం టిఫిన్ అవగానే క్యారేజీ పట్టుకుని స్కూటరు మీద ఆటోనగర్ వెళ్ళిపోయేవాడు. సాయంత్రం దీపాలు పెట్టే వేళకి చేతులకి గ్రీజు మరకలతో వచ్చేవాడు. ఎంతవరకు వచ్చిందని మొదట్లో ఆమె అడిగేది. ఇంజను బోరు అరిగిపోయిందనేవాడు. పిస్టన్లు దొరకట్లేదనేవాడు. అయ్యాక అవనిగడ్డ దాకా కాలవ గట్టునే వెళ్దామనేవాడు. తర్వాత్తర్వాత ఆమె అడగడం మానేసింది, అతను చెప్పడమూ మానేశాడు. ఉగాదికి ముందు ఒక మధ్యాహ్నం ఆఫీసులో కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు.

పిల్లలు లేరు. రమాసుందరి మహిళా కాలేజీలో బోటనీ చెబుతుంది. భర్త వదిలేసి వెళ్ళినవాటిల్లో సగంలో ఆగిన పని ఆ కారొక్కటే కనిపించింది ఆమెకి. దాన్ని పూర్తి చేయిస్తే ఏదో ముగిసినట్టు ఉంటుందనుకుంది. ఇప్పుడు చూస్తే ఆ పని ముందే పూర్తయి ఉంది. పూర్తయినదాన్ని ఎవరో మళ్ళీ శ్రద్ధగా విప్పి, నూనె రాసి, గుడ్డల్లో చుట్టి పెట్టారు.

ఆ ఎవరో ఎవరన్నది ఆమె యేసుబాబుని అడగలేదు. అడగాల్సిన మనిషి ఇంకొకడు ఉన్నాడు.

బాలశౌరి రీబోరింగు షాపు అక్కడికి రెండు వీధుల అవతల. షెడ్డు కూడా అతనిదే. జయదేవ్‌కి ఉన్న ఒకే ఒక్క స్నేహితుడు. పదకొండో రోజున వచ్చి, ఒక మూల నిలబడి, భోజనం చెయ్యకుండానే వెళ్ళిపోయాడు. మళ్ళీ ఆ గడప తొక్కలేదు. కారు పని మొదలుపెడతానని ఆమె ఫోన్ చేసినప్పుడు కూడా తాళాలు భార్య హన్నా చేత పంపించాడు తప్ప తను రాలేదు. దుఃఖం వల్లనేమో అనుకుంది రమాసుందరి. ఆ రోజు మాత్రం అలా అనుకోలేకపోయింది. ఒక పిస్టన్ తీసి చేతిరుమాల్లో చుట్టుకుని నేరుగా షాపుకి నడిచి వెళ్ళింది.

లోపల లేతు మిషన్లు తిరుగుతున్నాయి. బాలశౌరి ఆమెని చూసి లేచి నిలబడ్డాడు. మనిషి బాగా చిక్కాడు. ఆమె ఏమీ అనకుండా రుమాలు విప్పి పిస్టన్‌ని అతని బల్ల మీద పెట్టింది. అతను దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. చొక్కా అంచుతో తుడిచాడు. తుడవాల్సిన అవసరం లేకపోయినా తుడుస్తూనే ఉన్నాడు.

ఇది మీరు చేసిందేనా అని ఆమె అడిగింది. తల ఊపాడు. ఎప్పుడు అని అడిగితే, కరోనాకి ముందు చలికాలంలో అన్నాడు. ఆ తర్వాత టీ చెప్పాడు, ఎండలో వచ్చారన్నాడు, ఇంటికి పదండి హన్నా ఉంటుంది అన్నాడు. ఆమె కదల్లేదు. ఇక్కడే చెప్పమంది. బాలశౌరి మిషన్లు ఆపమని పనివాళ్ళకి చెయ్యి చూపించాడు. రొద ఆగిపోయేసరికి ఇద్దరికీ ఇబ్బందిగా అనిపించింది. తల దించుకునే చెప్పడం మొదలుపెట్టాడు.

ఇంజను ఒక ఆదివారం పొద్దున స్టార్టయింది. ఇద్దరూ చిన్నపిల్లల్లా కారెక్కి బందరు రోడ్డు పట్టుకుని కంకిపాడు దాటి ఉయ్యూరు దాకా వెళ్ళారు. జయదేవే నడిపాడు. ఉయ్యూరులో టీ తాగి వెనక్కి తిరిగారు. నన్ను ఇక్కడ దింపేసి నేరుగా ఇంటికి పోనీ, మీ మేడ కింద హారన్ కొట్టు, అమ్మగారిని దిగి రమ్మను అని బాలశౌరే చెప్పాడు. జయదేవ్ సరేనన్నాడు. అద్దంలో చూసుకుని తల కూడా దువ్వుకున్నాడు.

కానీ వెళ్ళినంత సేపు పట్టలేదు, కారు తిరిగి షెడ్డుకి వచ్చేసింది. అతనొక్కడే ఉన్నాడు. అమ్మగారు ఎక్కలేదా అంటే, లేదన్నాడు. అంతకు మించి చెప్పలేదు. తర్వాతి ఆదివారం చర్చి నించి బాలశౌరి వచ్చి చూసేసరికి ఇంజను హెడ్ విప్పేసి ఉంది. ఏం చెడిందని అడిగితే ఏం చెడలేదన్నాడు. ఇంకో వారానికి పిస్టన్లు కూడా బయటికి వచ్చాయి. బాలశౌరి కోప్పడ్డాడు, తను చేసిన పనిలో ఏదైనా తేడా ఉంటే మొహం మీదే చెప్పమన్నాడు. అప్పుడు కూడా చెప్పలేదు. చాలా వారాల తర్వాత, ఇద్దరూ అన్నం తింటున్నప్పుడు, అడక్కుండానే చెప్పాడు.

అక్కడిదాకా వచ్చి బాలశౌరి ఆగాడు.

"'పాడుతోంది బాలశౌరీ' అన్నాడమ్మా. 'వీధిలో షాపులన్నీ మూసున్నాయి. బాల్కనీలో కూర్చుని జుట్టు ఆరబెట్టుకుంటూ పాడుతోంది. వీధి మొగలోనే బండి ఆపేసి విన్నాను. ఇన్నేళ్ళు ఒక్క ఇంట్లో ఉన్నాం, తను పాడుతుందనే నాకు తెలియదు. హారన్ కొడితే ఆపేస్తుందనిపించింది' అన్నాడు."

బాలశౌరి పిస్టన్‌ని బల్ల మీద పెట్టి మళ్ళీ మొదలుపెట్టాడు.

"'బండి అయిపోతే ఆదివారాలు నేను ఇంట్లో ఉంటాను. నేనుంటే ఆవిడ పాడదు. అందుకని ఇది అవ్వకూడదు' అన్నాడు. అని నవ్వాడు కూడా. నేను తిట్టానమ్మా. పిచ్చివాడివా, వెళ్ళి నాకోసం ఒకసారి పాడమని అడగొచ్చుగా అన్నాను. 'అడిగితే పాడుతుంది. అడిగానని పాడుతుంది. అది వేరు' అన్నాడు."

పనివాళ్ళు గుమ్మం దగ్గర నిలబడి, మళ్ళీ మిషన్లు వెయ్యొచ్చా వద్దా అన్నట్టు చూస్తున్నారు.

"నాకెందుకు చెప్పలేదు మీరు?" అంది చివరికి. గొంతు పెంచలేదు.

బాలశౌరి పిస్టన్‌ని రుమాల్లో పెట్టి మడత వేశాడు. తర్వాత అన్నాడు, "చెబితే మీరు వచ్చి ఇంటికి తీసుకుపోతారు కదమ్మా. నా ఆదివారాలు కూడా అతనితోనే అలవాటయ్యాయి. చర్చిలో పూజ అయ్యాక మా ఇంట్లో హన్నా ఒక గదిలో, నేనొక గదిలో. మాకూ మాటల్లేవు. అతను రాకపోతే నేనెక్కడికి పోను?"

ఆమె రుమాలు తీసుకుని లేచింది. అతను బయటిదాకా వచ్చి ఆటో పిలుస్తానన్నాడు. అక్కర్లేదంది.

సిటీ బస్సులో కిటికీ పక్కన కూర్చుంది. పిస్టన్ ఒళ్ళో బరువుగా ఉంది. గవర్నర్‌పేటలో దిగి తమ వీధి మొగలోకి వచ్చేసరికి కాళ్ళు వాటంతట అవే ఆగిపోయాయి. హోల్‌సేల్ మందుల షాపుల ముందు అట్టపెట్టెలు దించుతున్నారు. ఒక బండివాడు తప్పుకోమని కేకేశాడు. అక్కణ్ణించి మూడో అంతస్తులో తమ బాల్కనీ కనిపిస్తోంది. ఆరేసిన చీర ఒకటి, ఖాళీ కుర్చీ ఒకటి. ఇంత దూరం నించి పాట వినపడుతుందా అని ఆలోచించింది. ఆదివారమైతే వినపడుతుంది.

ఇంట్లోకి వచ్చాక కాళ్ళు కడుక్కుని, దీపం పెట్టి, స్టవ్వు మీద పాలు పెట్టి, అవి పొంగిపోయేదాకా అక్కడే నిలబడి చూసింది.

అన్యాయమేదో తనకొక్కదానికే జరిగి ఉంటే ఏడవొచ్చు. కానీ బాలశౌరి చెప్పినదాంట్లో ఒక్క అబద్ధమూ లేదు. ఆదివారం జయదేవ్ స్కూటరు వీధి మలుపు తిరిగిన చప్పుడు వినపడగానే తన భుజాలు తేలికయ్యేవి. తలంటుకునేది. కుర్చీ బాల్కనీలోకి లాక్కునేది. కాపురానికి వచ్చిన కొత్తలో అత్తగారు మంచంలో ఉండేవారు, ఇంట్లో చప్పుడు పనికొచ్చేది కాదు. ఆవిడ పోయాక కూడా ఆ నిశ్శబ్దం అలాగే ఉండిపోయింది. జయదేవ్ ఎప్పుడూ వద్దనలేదు. కానీ అతను ముందు గదిలో పేపరు చదువుకుంటూ ఉంటే, తను వంటింట్లో పాట ఎత్తుకోవడం అనేది ఎలాగో కుదిరేది కాదు. వాళ్ళిద్దరూ పోట్లాడుకునేవాళ్ళు కాదు. పోట్లాడుకోవడానికి కావలసినంత మాట వాళ్ళ మధ్య ఉండేది కాదు. అతను తన సంతోషం కోసం ఆటోనగర్ పోతున్నాడనీ, తనకి మిగిలినవి ఈ కొన్ని గంటలనీ అనుకునేది ఆమె.

ఇప్పుడు వారంలో అన్నీ ఆదివారాలే. ఎంతసేపైనా పాడుకోవచ్చు. బాల్కనీలో కూర్చుని, కింద షట్టర్లు పడే వేళకి, ప్రయత్నించి చూసింది. గొంతులోంచి గాలి వచ్చింది, పాట రాలేదు. వినకుండా ఉండడానికి ఇంట్లో మనిషే లేనప్పుడు ఎవరి నించి దాచుకుని పాడాలి?

కోపం రెండు రోజుల తర్వాత వచ్చింది. కాలేజీలో, క్లాసు మధ్యలో. బోర్డు మీద వేరు నిలువుకోత బొమ్మ వేస్తూ వేస్తూ ఆగిపోయింది. నన్ను ఒక్క మాట అడగకుండా నా గురించి తనే తేల్చేసుకున్నాడు అనుకుంది. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్ని అని కూడా అనుకుంది. మేడం, ఒంట్లో బాలేదా అని ముందు బెంచీ అమ్మాయి అడిగింది. బాగానే ఉందని చెప్పి బొమ్మ పూర్తి చేసింది.

ఆ సాయంత్రమే యేసుబాబుకి ఫోన్ చేసింది. ఇంజను మళ్ళీ బిగించాలంది. కొత్తగా ఏం కొనద్దంది, ఆయన విప్పినవన్నీ ఉన్నవి ఉన్నట్టే వెనక్కి వెళ్ళాలంది. తను కూడా వచ్చి చేస్తానంది. యేసుబాబు, సరేనండీ, పాత చీర కట్టుకు రండి అన్నాడు.

అలా ఆదివారాలు ఆమె షెడ్డుకి వెళ్ళడం మొదలైంది. అదే క్యారేజీలో అన్నం పెట్టుకుని, జయదేవ్ వెళ్ళిన వేళకే బయల్దేరేది. యేసుబాబు యాభై దాటిన మనిషి, తక్కువ మాట్లాడతాడు, రేడియో మాత్రం పెట్టుకుంటాడు. అతను ఒక్కొక్క గుడ్డ మూట విప్పుతుంటే లోపల భాగాలు నూనెతో మెరుస్తూ బయటికి వచ్చేవి. ఏ బోల్టు ఏ రంధ్రంలోదో దానికే తగిలించి ఉంది. వాల్వులన్నీ వరసగా, ఒకదాంతో ఒకటి రాసుకోకుండా ఒక చెక్కకి చిల్లులు పొడిచి గుచ్చి ఉన్నాయి. మళ్ళీ బిగించాలని లేనివాడు ఇంత జాగ్రత్తగా విప్పడండీ అన్నాడు యేసుబాబు ఒకసారి. ఆమె ఇంకో మూట అతనికి అందించింది.

పిస్టన్ రింగుల కోతలు ఒకే వరసలో పడకుండా ఎలా తిప్పాలో నేర్చుకుంది. రింగులని పట్టీతో బిగించి, పిస్టన్‌ని చెక్క పిడితో తట్టి సిలిండర్లోకి దించుతుంటే, అది ఒక్కసారిగా జారి లోపలికి పోయింది. హెడ్ బిగించాక వాల్వుల మీద ట్యాపెట్లు సరిచేసే పని తనే చేస్తానంది. సన్నటి రేకుని ట్యాపెట్‌కీ వాల్వుకీ మధ్య సందులోకి జొనిపి, అది కాస్త పట్టినట్టు, కాస్త జారినట్టు ఉండేదాకా స్క్రూ తిప్పాలి. మొక్కల కాడల్ని బ్లేడుతో పొర తీసి స్లైడు మీద పెట్టే చెయ్యి ఆమెది, ఆ పని తేలిగ్గానే పట్టుబడింది. ఒకచోట ఎక్కువ బిగించేసి మళ్ళీ మొదటికి వచ్చింది. యేసుబాబు నవ్వి, టీ తాగొద్దాం పదండి అన్నాడు.

అన్నం వేళకి యేసుబాబు ఇంటికి పోయేవాడు. ఆమె ఒక్కతే షెడ్డులో కూర్చుని తినేది. రేకుల కప్పు ఎండకి టపటపమనేది. ఎదురుగా బండ గోడ, దానికి ఒక చిన్న కిటికీ, కిటికీ అవతల ఇంకో షెడ్డు గోడ. ఇన్ని ఆదివారాలు ఆయన దేన్ని చూస్తూ కూర్చున్నాడో అనుకునేది. వీధి చివర పాడుబడిన లారీల క్యాబిన్లలో పావురాలు. కొన్నిసార్లు అన్నం సగంలోనే వదిలేసేది. అప్పుడు లేచి కారుని గుడ్డతో తుడిచేది. లేత ఆకుపచ్చ రంగు, అక్కడక్కడా పొక్కులు లేచింది. రెండే తలుపులు. ముందు భాగం మొత్తం, బానెట్టూ మడ్‌గార్డులూ కలిపి, ముందుకు ఒరిగి తెరుచుకుంటుంది. అలా తెరిచి ఉంచితే లోపల ఇంజను స్థలం ఖాళీగా, లోతుగా కనిపించేది.

వానలు తగ్గే రోజులకి ఇంజను ఆ ఖాళీలోకి దిగింది. గొలుసు కప్పీకి వేలాడదీసి, యేసుబాబు ఒకవైపు, అతను పిలుచుకొచ్చిన ఇద్దరు మనుషులు ఇంకోవైపు పట్టుకుని, అంగుళం అంగుళం దించి కూర్చోబెట్టారు. ఆమె గేరుబాక్సు వైపు వంగి బోల్టు రంధ్రాలు కలిశాయో లేదో చూసి చెప్పింది. ఆ పైవారానికి రేడియేటరు, వైరింగు, పెట్రోలు పైపు అన్నీ కుదిరాయి. కొత్త బ్యాటరీ ఒక్కటి కొనక తప్పలేదు.

ఆ ఆదివారం ఆటోనగరంతా మూసి ఉంది. ఎక్కడో చర్చి మైకులో పాట సన్నగా వినపడుతోంది. యేసుబాబు కళ్ళు మూసుకుని పెదాలు కదిపి, ఇక కూర్చోండి మేడం అన్నాడు. ఆమె డ్రైవరు సీట్లో కూర్చుంది. సీటు ఆమె కాళ్ళకి దూరంగా ఉంది, జయదేవ్ పొడుగరి. జరుపుకోలేదు, కొంచెం ముందుకి వచ్చి కూర్చుంది. తాళం తిప్పి సెల్ఫ్ కొట్టింది.

ఇంజను తిరిగింది, అందుకోలేదు. మళ్ళీ కొట్టింది. కార్బురేటర్లోంచి ఫట్‌మని ఎదురు తన్నింది. పెట్రోలు వాసన షెడ్డంతా పట్టింది. యేసుబాబు పెట్రోలు చూశాడు, ప్లగ్గులు విప్పి తుడిచాడు, మళ్ళీ బిగించాడు. అదే తంతు. బ్యాటరీ నీరసపడుతున్న చప్పుడు తెలుస్తోంది. యేసుబాబు మొహం తుడుచుకుని, ఇంకో రోజు చూద్దామండీ అన్నాడు. ఆమె సరేనంది. లోపల ఎక్కడో ఊరటగా కూడా అనిపించింది. ఇది అవ్వకపోతే వచ్చే ఆదివారం మళ్ళీ రావొచ్చు అనుకుంది. అనుకుని, తను ఏమనుకుందో గ్రహించి, స్టీరింగు మీద చేతులు అలాగే ఉంచేసింది.

గేటు దగ్గర ఎవరో నిలబడి ఉన్నారు. బాలశౌరి. చర్చికి వేసుకున్న తెల్ల చొక్కాతోనే వచ్చాడు. ఎంతసేపటి నించి ఉన్నాడో తెలియదు. ఎవరూ పిలవకుండానే లోపలికి వచ్చి, చొక్కా చేతులు మడుచుకున్నాడు. ప్లగ్గులకి కరెంటు పంచే డిస్ట్రిబ్యూటర్ మీది వైర్లు నాలుగూ పీకి, ఎదురెదురుగా మార్చి పెట్టాడు. ఆ చేతులు ఆ పని అక్కడ ఇంతకు ముందు చేసినవని చూస్తేనే తెలుస్తోంది.

"ఇప్పుడు కొట్టండమ్మా" అన్నాడు.

కొట్టింది. రెండుసార్లు దగ్గి, పొగ కక్కి, ఇంజను అందుకుంది. మొదట తడబడుతూ, తర్వాత యాక్సిలరేటరు మీద ఆమె పాదం కుదురుకున్నకొద్దీ సమంగా. యేసుబాబు రెండు చేతులూ తలమీద పెట్టుకుని నవ్వుతున్నాడు. బాలశౌరి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు, అతని వీపు మాత్రమే కనిపిస్తోంది.

ఏడుపొస్తుందనుకుంది రమాసుందరి. రాలేదు. స్టీరింగులోంచి అరచేతుల్లోకి, అక్కణ్ణించి మోచేతుల దాకా సన్నటి వణుకు పాకుతోంది. ఈ వణుకుని చేతుల్లో పట్టుకునే ఆయన మా వీధి మొగదాకా వచ్చాడు అనుకుంది. బతికుండగా ఆయన చేతులు పట్టుకుని కూర్చున్న రోజు ఒక్కటైనా గుర్తొస్తుందేమోనని వెతికింది. పెళ్ళిలో తప్ప ఏదీ గుర్తు రాలేదు.

బాలశౌరిని పక్క సీట్లో కూర్చోమని అడిగింది. ఉయ్యూరు దాకా వెళ్ళొద్దామంది. అతను ఇటు తిరిగాడు. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. కానీ కారెక్కలేదు. గేటు వైపు చూస్తున్నాడు.

"ఆ రోజు మీకు అంతా చెప్పలేదమ్మా" అన్నాడు ఇంజను చప్పుడులో వినపడేంత గట్టిగా. "ఇది స్టార్టయ్యే రోజున చెప్పాలనుకున్నాను. నిన్న యేసుబాబు ఈ రోజే అన్నాడు. అందుకని నేనే వాళ్ళకి ఫోన్ చేశాను."

ఎవరికి అని ఆమె అడిగేలోపు గేటు బయట ఆటో వచ్చి ఆగింది. నలభై ఏళ్ళావిడ దిగింది. నేత చీర కట్టుకుంది, నుదుట చెమట పట్టి ఉంది. ఆటోలో ఇంకా ఎవరో కూర్చునే ఉన్నారు. ఆవిడ గబగబా లోపలికి వచ్చి, తెరిచి ఉన్న ఇంజను దగ్గర ఒక్క క్షణం ఆగి చూసింది. తర్వాత డ్రైవరు తలుపు దగ్గరికి వచ్చి నమస్కారం పెట్టింది.

"నా పేరు నాగదుర్గండీ. మాది మంగళగిరి. ఇది మా నాన్నగారి బండి. మార్కండేయులు గారని, చీరల వ్యాపారం."

ఈ కారు పూర్వం ఎవరిదో రమాసుందరికి తెలియదు. పాత యజమానులు చూసిపోదామని వచ్చారనుకుంది. మా వారు మీ దగ్గరే కొన్నారన్నమాట, అంది.

"కొనలేదండీ" అంది నాగదుర్గ నెమ్మదిగా. "నాన్నగారు ఈ బండిలోనే చీరల మూటలు వేసుకుని బెజవాడ షాపులకి తిరిగేవారు. ఇంజను పోయి మూల పడితే, జయదేవ్ గారు చూసి, బాగుచేసి తెచ్చిస్తానని తీసుకెళ్ళారు. నాన్న ఫోన్ చేసినప్పుడల్లా ఇంకా కాలేదనేవారు. అంత మంచాయన అబద్ధం చెప్పరులే అని నాన్న మమ్మల్ని ఎవర్నీ రానివ్వలేదు."

రమాసుందరి బాలశౌరి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు. అంటే అది కూడా నిజమే. హారన్ కొట్టకుండా వెనక్కి తిరిగిన మనిషి, ఇంజను విప్పింది ఆమె పాట కోసమా, పరాయివాళ్ళ కారు తిరిగి ఇవ్వడానికి చేతులు రాకనా? జయదేవ్ బాలశౌరికి చెప్పింది ఒకటే కారణం. ఆమెకి ఇన్ని వారాలుగా కోపం తెప్పించిందీ, రాత్రుళ్ళు తోడుగా ఉన్నదీ ఆ ఒక్క కారణమే. ఇంజను ఆపేద్దామని తాళం మీద చెయ్యి వేసింది.

నాగదుర్గ కిటికీలోకి వంగి ఆ చెయ్యి పట్టుకుంది.

"ఆపకండి, దయచేసి. నాన్నకి ఇప్పుడు చూపు లేదు. చప్పుడు వింటే చాలన్నారు. ఇంకొక్క మాట." గొంతు తగ్గించింది. "జయదేవ్ గారు లేరని ఈయన నాకు నిన్న ఫోన్లో చెప్పారు. నాన్నకి చెప్పలేకపోయాను. దారంతా ఆయన గురించే మాట్లాడుతూ వచ్చారు."

అప్పటికే ఆటోలోంచి ముసలాయన దిగుతున్నాడు. తెల్ల పంచె, భుజాన కండువా. డ్రైవరు చెయ్యి అందించబోతే వద్దన్నాడు. చప్పుడు వస్తున్న వైపుకి తల కొంచెం వంచి, ఒక చెయ్యి ముందుకి చాపి, అడుగులో అడుగు వేసుకుంటూ గేటు దాటి వచ్చాడు. వేళ్ళు వెనక మడ్‌గార్డుకి తగిలాయి. అక్కణ్ణించి దారి అతనికి తెలుసు. రేకు మీద చెయ్యి తియ్యకుండా తలుపు దాకా వచ్చి ఆగాడు. మొహమంతా వెలుగు.

"జయదేవ్ గారూ, అయిందాండీ?" అన్నాడు.

ఇంజను తిరుగుతూనే ఉంది. ఆయన చెయ్యి కిటికీలోంచి లోపలికి వచ్చి, జయదేవ్ చెయ్యి కోసం వెతికింది.